పాటల ఊరికి ఆక్సిజన్‌తో

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన తర్వాతి వేసవి అది. కువైట్‌లోని రిగ్గైలో ఒక ఇంట్లో హోమ్ నర్సుగా పనిచేస్తున్నాను. పేషెంటు ఆ ఇంటి పెద్దాయన. ఇంట్లోవాళ్లతో పాటు మేమూ ఆయన్ని బాబా అనేవాళ్లం. ఊద్ అనే తీగల వాద్యం నేర్పి రిటైరైన మనిషి. ఊపిరితిత్తులు దెబ్బతిని రోజంతా ఆక్సిజన్ మీదే ఉండేవారు.

ఆయనది ఒకటే కోరిక. తాను ప్రాణంగా ప్రేమించే ఒక ఈజిప్టు స్వరకర్త పూర్వం లెబనాన్ కొండల్లోని ఒక పల్లెలో వేసవంతా ఉండి పాటలు కట్టాడట. ఆ ఇల్లు చూడాలి. "ఊపిరి మీరివ్వండి, దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో నేను చెప్తాను" అని డాక్టరుతోనే వాదించారు.

డాక్టరు ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. కొండ మీద గాలి పల్చన. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, ఎనభై ఎనిమిది కంటే తగ్గితే వెనక్కి తిప్పాలి. ఆ మాట చెప్పాల్సింది నేను. ఇలాంటి విషయాల్లో నేను మొండిఘటాన్ని. అందుకే నన్ను పంపారనుకుంటాను.

బేరూత్ నుంచి టాక్సీలో బయల్దేరాం. ముందు సీట్లో బాబా కూతురు మరియం. వెనక బాబాకు ఒక పక్క నేను, మరో పక్క ఆయన్ని ఎత్తి దించడానికి వెంట వచ్చిన ఇంటి డ్రైవర్ బాషా. అతనిది రాయచోటి. బాబా వేలికి ఆక్సీమీటర్, అంటే శాచురేషన్ చూపించే చిన్న క్లిప్పు, తగిలించాను. ఘాట్ రోడ్డు మొదలవగానే మరియం ఫోన్‌లో ఆ స్వరకర్త పాట పెట్టింది. బాబా ముఖం వెలిగిపోయింది.

పల్లె కనిపించే మలుపు దగ్గర అంకె పడిపోసాగింది. ఎనభై ఆరు, ఎనభై రెండు. వెంట తెచ్చిన ఆక్సిజన్ మిషన్ అప్పటికే పూర్తి స్థాయిలో నడుస్తోంది.

"ఖలాస్, ఇక చాలు. బండి తిప్పమనండి" అన్నాను.

"అదుగో ఊరు, సిస్టర్! కళ్లముందే ఉంది."

"కనబడుతోంది బాబా. అయినా వద్దు."

మరియం ఏడుస్తూ పాట ఆపేసింది. టాక్సీ రోడ్డు పక్కన ఆగింది. బాబా చేయి ఒళ్లో వదిలేసి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు. నాకు చాలా బాధేసింది, కానీ మాట మార్చుకోలేదు.

"అక్కా, నంబరు సూడు. మళ్లా పెరగతాంది" అన్నాడు బాషా.

తొంభై ఒకటి. బండి అక్కడే ఉంది, గాలీ అదే. అప్పుడు తట్టింది. పాట వస్తున్నంతసేపూ బాబా ఆ వేలితోనే మోకాలి మీద తాళం వేస్తున్నారు. వేలు కదులుతుంటే ఆక్సీమీటర్ తప్పు చూపిస్తుంది. సంచిలోంచి చెవి తమ్మెకు పెట్టే క్లిప్పు తీసి తగిలించి, పాట మళ్లీ పెట్టమన్నాను. బాబా వేలు మెల్లగా లేచింది. తాళం నడిచింది. అంకె మాత్రం నిలబడింది.

"యల్లా, పోదాం!" అన్నాను.

బాబా నన్ను అరబ్బీలో చెడామడా తిట్టారు. పల్లె చేరాక బాషా ఆయన్ని ఎత్తుకెళ్లి ఆ స్వరకర్త ఉన్న ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాడు. బాబా రాతిగోడకు చెంప ఆనించి ఏడ్చేశారు.

"ఏడిస్తే గూడా నంబరు తగ్గుతాదా అక్కా?"

"తగ్గితే నేను చూసుకుంటాలే. ఏడవనీ."

ఆ కేసు తర్వాత, అంకె చూసేముందు పేషెంటు చేతులు చూడటం అలవాటైంది. ఆనందంగా తాళం వేస్తున్న మనిషికి ప్రమాదం అన్న ఆ ఆక్సీమీటరే, ఆశ వదిలేసుకుని చేయి వాల్చేసిన మనిషిని చూసి అంతా బాగుందన్నది.