నూటపది డబ్బా

మా బావ భూపాలపల్లి పవర్ ప్లాంటులో పనిచేసేవాడు. అందుకని ప్రపంచంలో కరెంటు సంగతి ఏదైనా తననడిగే జరగాలని ఆయన నమ్మకం. మా అక్క మాత్రం ఇంట్లో ట్యూబ్‌లైటు పోతే, ఆయన డ్యూటీకి వెళ్లేదాకా ఆగి పక్క క్వార్టరాయనను పిలిచేది.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మాది ముగ్గురి పాటల బృందం. బావ డప్పు కొట్టేవాడు, దాంతోపాటు పెద్దరికం చేసేవాడు. నేను జనగామలో ఒక ప్రైవేటు బడిలో ఫిజిక్స్ టీచర్ని. బందులతో బడి మూతపడ్డప్పుడల్లా కీబోర్డు వాయించేదాన్ని. పాడేది మాత్రం మహబూబాబాద్ వైపు, నెల్లికుదురు దగ్గరి తండా నుంచి వచ్చే ఆమె. మా ఇద్దరిలో ఎవరు రాకపోయినా సభ నడిచేది. ఆమె రాకపోతే నడవదు. ఈ సంగతి మాకు బాగా తెలుసు, అందుకే ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

లండన్‌లో ఉన్న మనవాళ్లు సభ పెట్టి మమ్మల్ని పిలిచారు. రెండు నెలలు స్టేషన్ ఘన్‌పూర్‌లో సాధన చేశాం. ఆమె కొత్త పాట కట్టింది. మన బొగ్గు, మన కరెంటు ఎటు పోతున్నాయని నిలదీసే పాట. చివరి చరణం లంబాడీలో ఉంది. తండాకు స్తంభాలొచ్చాయి గానీ కరెంటు ఎప్పుడొస్తుందని వాళ్లమ్మ అడిగే మాటలే ఆ చరణం.

బావ ఒప్పుకోలేదు. "గంత దూరం పోయి ఎవలికి సమజ్ గాని మాటలు పాడుడేంది? గా చరణం తీసెయ్" అన్నాడు. నేనూ ఆయన పక్షమే. ఆ చరణంలో ఆమె గొంతు నా కీబోర్డు శ్రుతికి లొంగకుండా పైకి పోయేది, అదొక కోపం నాకు. మన యాసను సినిమాల్లో రౌడీలకు అంటగట్టారని ఊరూరా వేదికలెక్కి గొంతు చించుకునేది మేమే. ఏ మాత్రం సిగ్గులేకుండా ఆమె భాషను కత్తిరించిందీ మేమే.

"గదొక్కటన్న ఉండనియ్యి టీచరమ్మా, మా అవ్వ మాటలవి" అని ఆమె రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు.

ఇక బావ ప్రయాణ సన్నాహాలు. వాళ్ల క్వార్టర్లలో ఎవరో అమెరికా నుంచి తెచ్చిన మిక్సీ ప్లగ్గు పెట్టగానే కాలిపోయిందట. అక్కడ నూటపది వోల్టులు, మన దగ్గర రెండు వందల ముప్పై. ఆ ఒక్క మిక్సీ చావుతో విదేశాలన్నీ నూటపదేనని బావ తేల్చేశాడు. నర్మెట్టలో కాలిన బోరు మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్ దగ్గర కూర్చుని, వచ్చిన వోల్టేజిని రెండింతలు చేసే డబ్బా ఒకటి నా కీబోర్డు కోసం కట్టించాడు. రుబ్బురోలంత బరువు. దానికి చోటివ్వడానికి ఆమె సూట్‌కేసులోంచి తొక్కు సీసాలు, నా దాంట్లోంచి రెండు పట్టుచీరలు దిగిపోయాయి.

లండన్‌లో సభ మధ్యాహ్నం. మమ్మల్ని పిలిచినవాళ్లలో ఒక తమ్ముడు వేదిక మీది సాకెట్ చూపించి, మన ప్లగ్గు దానికి పట్టేలా చిన్న అడాప్టర్ ఇచ్చాడు.

"గిది పెడితె చాలన్నా. ఈడ గూడ మన లెక్కనే రెండు వందల ముప్పై."

"పిన్ను మారితె కరెంటు మారతదా తమ్మీ? కరెంటు తయారుచేసేటోనికే చెప్తున్నవా?"

పిన్ను మారితే కరెంటు మారదు. మాట అక్షరాలా నిజం. సరిగ్గా అందుకే ఆ డబ్బా అక్కర్లేదు. వోల్టేజి ఎంతో తెలుసుకోకుండా ప్లగ్గు పెట్టొద్దని ఏటా పిల్లలకు చెప్పేదాన్ని నేను. అయినా పదిమందిలో బావ పరువెందుకు తీయాలని నోరు మూసుకున్నాను. చదువుకున్న మరదలి వల్ల ఒరిగింది అదీ.

బావ అడాప్టర్‌కు డబ్బా, డబ్బాకు నా కీబోర్డు తగిలించి స్విచ్చి వేశాడు. డబ్బా పొలం మోటారులా గుయ్యిమంది. నా కీబోర్డు చార్జర్ టప్పున పేలింది, డబ్బా కాలి పొగ వదిలింది. వేదిక మీద లైట్లు, మైకులు ఒక్కసారే పోయాయి. రెండు వందల ముప్పైని రెండింతలు చేసి తాగిస్తే మరేమవుతుంది?

"ఈళ్ల కరెంటే మంచిగ లేదు" అన్నాడు బావ.

"అచ్చం ఇంటికి పోయినట్టే ఉందన్నా!" అని జనంలోంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది.

హాలు మనిషి పడిపోయిన మెయిన్ స్విచ్చి ఎక్కడుందో వెతుక్కుంటుండగా ఆమె వేదిక అంచుకు వచ్చి నిలబడింది. మైకు లేకుండానే ఎత్తుకుంది. నా శ్రుతిలో కాదు, ఆమె శ్రుతిలో. బావ గబగబా డప్పు అందుకున్నాడు. పాట అయిపోవాల్సిన చోట ఆయన దరువు ఆపాడు. ఆమె ఆపలేదు. లంబాడీ చరణం ఎత్తుకుని, వాళ్లమ్మ మాటలు చివరిదాకా పాడింది. చాలామందికి అర్థమై ఉండదు. ఒక్కరూ కదల్లేదు. చచ్చిన కీబోర్డు ముందు నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రెండు నెలలుగా ఈ గొంతునా నేను కిందికి లాగింది అనుకుంటే సిగ్గుతో ఏడుపొచ్చింది.

మర్నాడు సామాను సర్దుతుంటే బావ ఆ డబ్బాను ఎవరూ చూడకుండా మంచం కిందికి తోశాడు. ఆమె చూసింది. వంగి బయటికి లాగి, తుడిచి, తన సూట్‌కేసులో పెట్టుకుంది.

"గదెందుకక్కా, కాలిపాయె గద" అన్నాను.

"మంచిగ చేపియ్యి టీచరమ్మా. మన ఊర్లల్ల గూడ నేను పాడేముందు గిది పెట్టు" అంది.