నాయనమ్మకు పూనకం వచ్చిన రోజు

నా చిన్నప్పుడు మా ఇల్లు మాదాపూర్ వైపు, బండరాళ్ల నడుమ ఓ చిన్న ఊళ్లో ఉండేది. ఇప్పుడక్కడ అద్దాల మేడలు లేచాయి. నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను, తమ్ముడు. తెలంగాణ కావాలని జనం రోడ్ల మీదికి వచ్చిన అరవైతొమ్మిదిలో నాకు పదేళ్లు. బడులు మూతపడ్డాయి. బస్సు ఏ రోజు నడుస్తుందో, ఏ రోజు నడవదో ఎవరికీ తెలిసేది కాదు. పనులు ఆగిపోయిన మగవాళ్లంతా మా ముందరి గదిలో రేడియో చుట్టూ చేరేవారు. ఎవరి కొడుకును పోలీసులు పట్టుకుపోయారు, పట్నంలో ఏం జరుగుతోంది అని మాట్లాడుకుంటూ, ఒకటి ఆరకముందే ఇంకో బీడీ ముట్టించేవారు. మాది రెండు గదుల ఇల్లు. గర్భంతో ఉన్న అమ్మ ఆ పొగలోనే వంట చేసేది, ఆ పొగలోంచే వచ్చి వాళ్లకు చాయ్ అందించేది.

నా తరవాత అమ్మ ఒక బిడ్డను కన్నది. ఆ బిడ్డ ఏడవనే లేదు. ఆ తరవాత పుట్టినవాడు తమ్ముడు. పుట్టినప్పుడు నాన్న రెండు అరచేతుల్లో ఇమిడిపోయాడట. నాలుగేళ్లు నిండినా రెండు మాటలు కలిపి పలికేవాడు కాదు. చల్లగాలి సోకితే చాలు, ఛాతీలో ఈల వేసినట్టు చప్పుడయ్యేది. దిష్టి అన్నారు కొందరు, గ్రహణం పట్టిందన్నారు ఇంకొందరు. నాయనమ్మ తాయెత్తులు కట్టించింది. ఆమెకు చుట్ట అలవాటు. పొయ్యిలోని కొరివితో చుట్ట వెలిగించుకుని, తమ్ముణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని జోకొట్టేది.

ఒకనాడు వాడికి ఆయాసం ఎక్కువైతే నాయనమ్మ వాణ్ణి చంకనేసుకుని దవాఖానకు నడిచింది. నేను వెంట వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ వాడి ఛాతీ చూసి, ఇంట్లో ఎవరెవరు పొగ తాగుతారని అడిగింది. వీడు కడుపులో ఉండగా తల్లి పొగాకు నమిలేదా అని కూడా అడిగింది. నాయనమ్మ అవునన్నట్టు తల ఊపింది. తల్లి నమిలిన పొగాకు, పీల్చిన పొగ కడుపులోని బిడ్డదాకా పోతాయని, బిడ్డ ఎదుగుదలను దెబ్బతీస్తాయని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. వీడిలా ఉండటానికి అదొక్కటే కారణమని తాను అనలేనని, తల్లి మళ్లీ కడుపుతో ఉందని విని, వచ్చే బిడ్డనైనా కాపాడుకోమని అంది.

ఇంటికొచ్చాక నాన్నకు చెప్పి చూసింది. ఆయన నవ్వేశాడు.

"నువ్వు చుట్ట తాగుకుంటనే నన్ను కన్నవు గదనే. నాకేమైంది?"

శుక్రవారం పొద్దున నాయనమ్మ తలారా నీళ్లు పోసుకుంది. జుట్టు ముడి వేయలేదు. ముఖం నిండా పసుపు పూసుకుని, చేతిలో వేపకొమ్మతో ముందరి గదిలోకి వచ్చి ఊగడం మొదలుపెట్టింది. రేడియో ఎవరో ఆపేశారు. ఆమె గొంతు ఆమెది కాదనిపించింది.

"పోచమ్మను నేను. నా బిడ్డ ఇంట్ల ఈ పొగేందిరా? కడుపుల పసిదానికి ఊపిరాడ్తలేదు. ఇంకొక్క బీడీ ముట్టిచ్చిన్రా, దీన్ని గూడ తీస్కపోత."

నాన్న చేతిలోని బీడీ నేలమీద పడింది. అందరూ లేచి దండాలు పెట్టారు. ఈ ముసలిదాని చుట్ట కూడా తనకు గిట్టదని దేవత చెప్పింది. చెబుతూనే గూట్లోంచి చుట్టల కట్ట తీసి బయట కుడితి కుండలో పడేసింది. లోపల అమ్మ కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ఆ రోజు నుంచి మా గడప లోపల బీడీ వెలగలేదు. మగవాళ్లు దూరంగా బండల దగ్గరికి పోయి కూర్చునేవారు.

నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. దేవత మళ్లీ వస్తే ఎవరిని తీసుకుపోతుందోనని భయం. కొన్నాళ్లకు పెరట్లో నాయనమ్మ ఒక్కతే కూర్చుని ఉంటే వెళ్లి అడిగాను.

"రాదు బిడ్డా. ఆ దినం గూడ రాలె. నేనే అట్ల జేసిన," అంది.

తన మాటకు నవ్వినవాళ్లు దేవత మాటకు నవ్వరని ఆమెకు తెలుసు. అందుకే ఆ నాటకం. నా భయం దిగిపోయింది. కానీ ఆమె అక్కడితో ఆగలేదు. మట్టిలో ఆడుకుంటున్న తమ్ముడి వైపు చూస్తూ, నాకు కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు అంది.

"వాంతులు తగ్గుతయని మీ అమ్మకు తంబాకు నేనే పెట్టిన. నా చేతులతోని. ఆ పోయిన బిడ్డప్పుడు, వీడు కడుపుల ఉన్నప్పుడు గూడ."

తన అత్త తనకూ అలాగే పెట్టిందట. అమ్మకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.

వానలు పడుతుండగా చెల్లెలు పుట్టింది. దాని ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది. వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాయనమ్మ మాత్రం గోడ వెనక కూలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ముసలామె సంతోషం పట్టలేకపోతోందని అందరూ అనుకున్నారు. నేను ఆమె ముఖం చూశాను. ఆ పసిదాని గొంతు విన్నాక, ఏడవకుండానే పోయిన ఆ బిడ్డ మౌనం ఆమెకు మళ్లీ వినబడినట్టుంది.

ఆమె ఆ తరవాత చాలా ఏళ్లు బతికింది. తమ్ముడికి చదువు అంటలేదు. వాడికి ఉబ్బసం వచ్చిన ప్రతిసారీ నాయనమ్మ వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, కళ్లు ఒత్తుకుంటూ వీపు రాస్తూ, ఊపిరి కుదుటపడేదాకా కదిలేది కాదు. పోయేముందు కూడా వాడి చేయి పట్టుకుని ఏదో చెప్పబోయి ఊరుకుంది.

తమ్ముడు ఇప్పుడు మియాపూర్‌లో నా దగ్గరే ఉంటాడు. వాడికి అరవై దాటాయి. చాయ్ బండి దగ్గర మెడలో ఐడీ కార్డు వేసుకున్న గర్భిణి ఎవరైనా పొగ మధ్య నిలబడి కనిపిస్తే, నేను ఆగిపోతాను. అమ్మా, ఇటు గాలి బాగుంది రా అని పిలుస్తాను. కొందరు వస్తారు, కొందరు విచిత్రంగా చూస్తారు. పూనకం తెచ్చుకునే ధైర్యం నాకు లేదు.

అప్పుడప్పుడు తమ్ముడు అడుగుతాడు.

"అక్కా, నాయనమ్మ నన్ను జూసి ఎందుకేడ్చేది?"

నువ్వంటే ఆమెకు ప్రాణం రా, అంటాను. వాడు తృప్తిగా తల ఊపుతాడు. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ పక్కన వాడు కష్టపడి ఊపిరి తీసుకునే చప్పుడు వినిపిస్తున్నంతసేపూ, చెప్పని మాట నా గొంతులోనే ఉంటుంది.