కరుణమ్మగారి కొట్లాట

ఎదుటి స్థలంలో బండ పగలగొట్టే యంత్రం పొద్దున్నే మొదలైంది. కిటికీలు మూసినా రాతిపొడి వాసన ఆగడం లేదు, నాలుక మీద కూడా తెలుస్తోంది. మా ఆవిడ సుభద్ర వాడిన దీపపు కుందిని నిన్ననే తోమాను. ఈ ఉదయానికి దాని మీద బూడిదరంగు పొర. తుడుస్తుంటే కోపం వచ్చింది. ఆ బండ ముందు నిలబడి దేవుణ్ణి నిలదీసిన మనిషి కిందటి వానాకాలంలో పోయారు. ఇప్పుడు బండనూ ముక్కలు చేసి లారీలకెత్తుతున్నారు.

ఆమె పేరు కరుణమ్మ. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరై, కొండాపూర్‌లో మా కింది ఇంట్లో ఉండేవారు. మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. మేము గుంటూరు నుంచి ఉద్యోగం కోసం వచ్చినవాళ్లం. చాలాకాలం మా మధ్య నమస్కారాలే తప్ప మాటలు లేవు.

సుభద్ర జబ్బుచేసి పోయాక పూజ అలమరకు తాళం వేశాను. ఏళ్లుగా రోజూ డైరీ రాసేవాణ్ణి, కలం ముట్టలేదు. పరామర్శకు వచ్చినవాళ్లందరిదీ ఒకే మాట: "పుణ్యాత్మురాలండీ, అందుకే దేవుడు తొందరగా తీసుకెళ్లాడు." ఆ మాటన్న పాత సహోద్యోగిని లేచి వెళ్లమని అరిచాను. ఆ అరుపు కింది ఇంటిదాకా వినబడినట్టుంది. సాయంత్రం కరుణమ్మగారు సర్వపిండి పట్టుకుని వచ్చారు.

"తిను సారూ. తిన్నంక తిట్టు."

"ఎవర్నండీ?"

"దేవుణ్ణి. ఖాళీ కడుపుతోటి ఏం తిడ్తవ్?"

"దేవుడు లేడండి."

"లేకుంటే గింత కోపం ఎవరి మీద సారూ?"

ఆమె మీద కూడా కోపం వచ్చింది. సర్వపిండి మాత్రం తిన్నాను.

తర్వాత తెలిసింది, ఆమె కొడుకు అంతకుముందెప్పుడో గచ్చిబౌలి రోడ్డు మీద బైకు ప్రమాదంలో చనిపోయాడని. ఆ వారం పాస్టరుగారు అన్నిటికీ స్తోత్రం చెల్లించమంటే, ఆమె నిండు సంఘంలో లేచి నిలబడ్డారట. "నా కొడుకు పోయినందుకు నేను స్తోత్రం చెప్ప అయ్యగారూ. ముందు ఎందుకు తీస్కపోయిండో జవాబు చెప్పుమనుండ్రి." అంత కోపం ఉన్న మనిషి మళ్లీ ఆదివారం చర్చికి ఎలా వెళ్లారని అడిగాను.

"పోకుంటే ఎట్ల? నేను పోకుంటే ఆయన తప్పించుకుంటడు."

ఈస్టర్ నాడు తెల్లవారకముందే ఆ బండ ఎక్కి, సూర్యుడు వస్తుండగా పాడటం వాళ్ల సంఘానికి అలవాటు. ఊరు ఇంత పెరగకముందు నుంచీ ఉన్న అలవాటు. ఆ ఏడు కరుణమ్మగారు నా తలుపు తట్టారు. "మోకాళ్లు నొస్తున్నయి. జర చెయ్యి వట్టుకో సారూ. ప్రార్థన చెయ్యమంటలేను." వెళ్లాను. బండ చుట్టూ నీలం రేకులు, గేటుకు తాళం. స్థలం అమ్మేశారని సంఘానికి ఒక్కరూ చెప్పలేదు. పాస్టరుగారు వెనక్కి వెళ్దామన్నారు.

"ప్రైవేట్ ప్లేస్ అమ్మా. పర్మిషన్ లేదు" అన్నాడు సెక్యూరిటీ గార్డు.

"పొద్దుక్కూడ పర్మిషన్ కావాల్నా? దాన్ని గూడ రేకులతోటి మూస్తరా ఏంది?"

గార్డు గేటు తియ్యలేదు. ఆమె నా మోచేయి గట్టిగా పట్టుకుని, రోడ్డు మీదే పాట ఎత్తుకున్నారు. గొంతు పగిలిపోతోంది. అది స్తోత్రంలా లేదు, పోట్లాటలా ఉంది. ఆఫీసు క్యాబులు హారన్లు కొట్టాయి. ఆమె ఆపలేదు. ఒక్కొక్కరే అందుకున్నారు. రేకుల పైనుంచి వెలుగు మా ముఖాల మీద పడేదాకా పాడారు. నేను పాడలేదు, కానీ కదల్లేదు.

ఇంటికొచ్చి అలమర తాళం తీశాను. కుందిలో నూనె పోసి, చేతులు జోడించకుండానే సుభద్రను ఎందుకు తీసుకెళ్లావని దేవుణ్ణి గట్టిగా అడిగాను. ఆ రాత్రి డైరీలో అదే రాశాను.

కరుణమ్మగారిని సమాధి చేసిన రోజు ఎవరో నా పక్కన "దేవుని చిత్తం" అని నిట్టూర్చారు. "ఆవిడ ముందు అనే ధైర్యం ఉండేదా మీకు?" అన్నాను.

బయట యంత్రం ఆగలేదు. బండ సగం పోయింది. నా కోపం తగ్గలేదు, తగ్గాలనీ లేదు. కుంది తుడవడం అయింది. వత్తి వేసి వెలిగించాను. "సుభద్ర సంగతి ఇంకా తేల్చలేదు నువ్వు. కరుణమ్మగారు లేరని తప్పించుకోకు, నేనున్నాను" అని మొదలుపెట్టాను.