పన్నెండో కథ

మా బావ పోయిన ఫైళ్ళు వెతికిపెడతాడు. పెళ్ళి ఫొటోలైనా, సగం రాసిన థీసిస్ అయినా, జనం డిస్కు పట్టుకుని ఆయన కొట్టుకే వస్తారు. ముందు తిట్లు, తర్వాత పని. పొరపాటున చెరిపేస్తే ఆ డిస్కు మీద ఇంకేమీ పెట్టొద్దని, పెడితే పాతదాని మీద కొత్తది కూర్చుంటుందని ఇరవయ్యేళ్ళుగా దులిపేస్తున్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

వెతికిచ్చినవాటి నకలు నెల్లాళ్ళు తన దగ్గరే ఉంచుకుంటాడు. మనుషులు మళ్ళీ పోగొట్టుకుంటారని ఆయన నమ్మకం. సొంతవాటికి మాత్రం నకలు తీసుకోడు.

గొంతు ఆపరేషనయ్యాక ఇక మాట రాదని డాక్టరు ముందే చెప్పడంతో, మా అక్క నాలుగేళ్ళ కూతురి కోసం పన్నెండు కథలు చెప్పి రికార్డు చేసింది. ఇప్పుడు పలక మీద రాసి మాట్లాడుతోంది. పిల్లకి ఇంకా చదవడం రాదు. అమ్మ కథ పెడితే గానీ ముద్ద మింగదు.

ఒకరోజు కొట్లో చోటు చాలక బావ ఇంట్లోంచి ఓ డిస్కు పట్టుకెళ్ళాడు. ఒకేలాంటివి రెండున్నాయి, దేనికీ చీటీ లేదు. పాతదనుకుని తుడిచేసి, ఎవరో ఫొటోగ్రాఫరు వీడియోల నకలు దాంట్లో నింపాడు. సాయంత్రం పిల్ల కథ అడిగితే గానీ అది అక్క కథలున్న డిస్కని తెలియలేదు.

మూడు రోజులు కొట్టు తియ్యకుండా వెతికాడు. పన్నెండు పేర్లూ తెర మీదికొచ్చాయి. ఇల్లు అలకగానే పండగ కాదని ఆయనకి తెలియదా? అయినా అక్కని పిలిచి చూపించాడు. దానికే నాకు ఒళ్ళు మండింది. తెరిస్తే పదకొండింటిలో బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆఖరుదాంట్లో మాత్రం కాసేపు, బావతో మాట్లాడుతున్న అక్క గొంతు వినిపించింది.

"నువ్వు కాసేపు బయటికెళ్ళు. ఎదురుగా ఉంటే నాకు నవ్వొస్తుంది. ఊఁ, అనగనగా..."

అంతే. తర్వాతేమైందని పిల్ల అడిగింది. అక్క పలక అందుకుని, ఏదో రాయబోయి, పక్కన పెట్టేసింది. బావ వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఓదార్చలేదు.

వారం తర్వాత ఆ ఫొటోగ్రాఫరు ఫోన్ చేశాడు. వీడియోలు మళ్ళీ పోయాయట, నకలేమైనా మిగిలిందా అని అడుగుతున్నాడు. బావ ఫోన్ చేత్తో మూసి అక్క వైపు చూశాడు. అక్క చాలాసేపటికి తలూపింది.

"ఉంది. వచ్చి తీసుకెళ్ళండి" అన్నాడు బావ.