మాస్టారి మద్దిచెట్టు పురుగు

పర్చూరు దగ్గరి ఒక పత్తి పల్లెకు సైన్సు మాస్టారుగా వచ్చిన క్రీస్తుదాసు పుట్టుపూర్వోత్తరాలను ఊరు అరగంటలో తేల్చేసింది. ఆయన మాత్రం ఎనభై ఏడులో ఒక రెక్కల పురుగు పుట్టుక తేల్చడానికి తపస్సు పట్టాడు.

నల్లమల అడవిలో మద్దికొమ్మకు వేలాడే పురుగుగూళ్లు రెండు తెచ్చి గదిలో ఉంచాడు. తొలకరికి ఒక పోతు, అరచెయ్యంత పెట్ట బయటపడ్డాయి. ఈకల్లాంటి మీసాలు, ప్రతి రెక్కకూ అద్దంలాంటి కన్ను, తినడానికి నోరు లేదు. పట్టుపురుగుల వంశమని మాస్టారు చూడగానే పోల్చాడు. కానీ అడవిపట్టునిచ్చే దసలి పురుగుకు ఉండని నల్లగీత రెక్క అంచున ఉంది. వేరే జాతేమో! అది ఖాయం కావాలంటే గుడ్లు పగిలి, పిల్లపురుగు రంగు కనబడాలి. ఆ పురుగుల జంట కోసం మాస్టారి భార్య జయకుమారి దోమతెర త్యాగం చేసింది. దంపతులను దోమలు తిన్నాయి. పెట్ట గుడ్లు పెట్టింది.

ఇంటి ఓనరు కోటిలింగం చూడనే చూశాడు. కిందటేడు పత్తంతా పచ్చపురుగు పాలైనవాడు. దీపం దగ్గర ఎగిరేదల్లా ఆయనకు పచ్చపురుగు తల్లే.

"ఏంది మాస్టారూ, దాన్ని దోమతెరేసి మరీ పెంచుతున్నారా?"

"అబ్బే, ఆ వంశం వేరండీ. దీనికి నోరే లేదు."

"నోరు లేకుండానే ఇంత లావైందా?"

అవునని ఊరుకుంటే పోయేది. శాస్త్రం ఊరుకోనిస్తేగా! "పిల్లగా ఉన్నప్పుడు తింటుందండీ. మద్దాకు."

"పత్తాకు తినదుగా? బైబిలు మీద ఒట్టేసి చెప్పండి, పోతాను."

చెప్పెయ్యమన్నట్టు జయకుమారి గుమ్మంలోంచి కళ్లెర్రజేసింది. చూడని సంగతికి సాక్ష్యం పలకడం క్రీస్తుదాసు ఎరగడు.

"పెట్టి చూడలేదండీ."

కోటిలింగం వెళ్లి, మందుడబ్బా వీపున కట్టుకుని వచ్చాడు. పురుగులూ, గుడ్లూ, దోమతెరా, పొయ్యి మీది పప్పూ నిష్పక్షపాతంగా తడిశాయి. గుడ్లు నల్లబడ్డాయి. ఒక్కటీ పగల్లేదు.

కార్తీకంలో పచ్చపురుగు యథావిధిగా దిగి చేలు మోడు చేసింది. మాస్టారి గుడ్డు ఒకటి తప్పించుకుని ఉంటుందని ఊరు ఏకగ్రీవంగా తీర్మానించింది. గది ఖాళీ చెయ్యమన్నారు.

వెళ్లేరోజు క్రీస్తుదాసు ఎండిన పెట్టను అట్టకు గుచ్చి, కింద వంశం పేరు రాసి ఆగాడు.

"జాతి కూడా ఏదో ఒకటి రాసెయ్యండి, ఎవరు చూడొచ్చారు?" అంది జయకుమారి, గిన్నెలు గోనెలో వేస్తూ.

ఆయన రాయలేదు.