ఉచితంగా వచ్చిన కుక్క

చెల్లె భర్త, మా మరిది చనిపోయినప్పటి నుంచి మా చెల్లె ఇంట్లో ఒక్కతే ఉండి భయపడుతోంది. కుక్కను కొనే స్తోమత లేదు. ఈ రోజు మెట్‌పల్లి పశువుల దవాఖానలో ఎవరో వదిలేసిన ముసలి కుక్కను ఊరికే ఇస్తామంటే, టీకా వేయించి తెచ్చుకున్నాం.

అది నేరుగా మరిది మగ్గం గదిలోకి వెళ్లి ఓ మూల కూర్చుంది. ఆయన రోజూ తన చివరి ముద్ద ఆ మూలనే పెట్టేవాడు. ఆ ఇంట్లో ఎన్నడూ కుక్క లేదు.

“ఎవరికి పెడ్తున్నవ్ అంటే, ‘వస్తది తియ్’ అనేటోడు గదక్కా,” అంది చెల్లె.

“వచ్చింది గదా. అన్నం పెట్టు,” అన్నాను.

చెల్లె పెట్టిన ముద్దను కుక్క ముట్టలేదు. ఆయన కూర్చునే ఖాళీ స్టూలు వైపు చూసి తోక ఊపింది. కాసేపాగి తింది.

నేను అంజన్నను తలుచుకుని దీపం పెట్టాను. చెల్లె భయం పోయింది, నాది మొదలైంది. మీ ఇళ్లల్లో కుక్కలు ఎవరినడిగి తింటాయి?