నేను రాయని రాజీనామా

మా మేనేజరు ఆ మాట చాలా మర్యాదగా చెప్పాడు.

"సాయంత్రంలోగా రిజైన్ చేసేయండి. మీ మంచి కోరే చెబుతున్నాను."

కొత్తపేట నుంచి పలివెల వెళ్లే దారిలో మా అత్తవారి ఊరు. అక్కడ మేడమీద గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాను. మేనేజరు హైదరాబాదు ఆఫీసులో ఉన్నాడు. తెరమీద ఆయన పక్క గడిలో హెచ్.ఆర్. ఆవిడ ఒకరు. ఆవిణ్ణి అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. పెళ్లికి ముందు నుంచీ పనిచేస్తున్న కంపెనీలో నా ఉద్యోగం పోతోందన్న సంగతి, ముక్కూ మొహం తెలియని మనిషి ఎదురుగా తెలిసింది నాకు.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంజనీర్లు రాసిన ప్రోగ్రాము జనం చేతికి వెళ్లేలోపు దాన్ని నానారకాలుగా కెలికి, ఎక్కడ విరుగుతుందో చూసి చెప్పడం నా పని. మేం చేసేది విదేశీ ఆసుపత్రుల బిల్లుల ప్రోగ్రాము. రోగి పుట్టింది ఫిబ్రవరి ఇరవైతొమ్మిదిన అయితే ఏమవుతుంది? ఒకే మందు పొరపాటున రెండుసార్లు నమోదైతే? సరిగ్గా డబ్బు కట్టే క్షణంలో నెట్ పోతే? ఈ ఆఖరి ప్రశ్న టీమ్‌లో అందరికంటే ముందు నాకే తడుతుంది. మా ఊళ్లో కొబ్బరిమట్ట పడి కేబుల్ తెగడం మామూలే మరి. డెవలపర్లు వెనకాల నన్ను పేచీకోరు అనుకునేవారట. ఆ పేరు నాకు నచ్చింది కూడా.

పెళ్లయ్యాక ఇక్కణ్ణుంచే పనిచేసుకోమని కంపెనీయే అంది. అందరూ ఇళ్ల నుంచి పనిచేస్తున్న రోజులవి. తర్వాత గాలి మారింది. అందరూ ఆఫీసుకు రావాలన్నారు. నెలకోసారి వచ్చి వెళతానంటే నా విషయంలో సరేనన్నారు. ఆ తర్వాత టెస్టులు తనంతట తనే రాసే కొత్త టూల్ వచ్చింది. ఇన్నాళ్లూ మేం ఏది ఎందుకు చూస్తున్నామో, ఎలా చూస్తున్నామో దానికి అర్థమయ్యేలా రాసిపెట్టమన్నారు. రాశాం. శ్రద్ధగానే రాశాం. అది తప్పు చేసినచోటల్లా నేను ఓపిగ్గా దిద్దాను. ఆ పని పూర్తయిన వారంలోనే ఈ పిలుపు వచ్చింది.

"ఎందుకు రిజైన్ చెయ్యాలండీ?" అన్నాను.

"బిజినెస్ అవసరాలు," అన్నాడు మేనేజరు, కెమెరాలోకి చూడకుండా.

హెచ్.ఆర్. ఆవిడ అందుకుంది. "చూడండి, మీ అంతట మీరు రిజైన్ చేస్తే మంచి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తాం. మేం టెర్మినేట్ చేస్తే ఆ మచ్చ మీ రికార్డులో ఉండిపోతుంది. రేపు ఇంకో కంపెనీ తీసుకోవద్దా మిమ్మల్ని? మీ పేరు పాడవకూడదనే మా తాపత్రయం."

నాకు భయం వేసింది. అయితే ఆ భయం అడుగున కోపం కూడా ఉంది. తీసేస్తున్నది వాళ్లు. మానేస్తున్నానని రాయాల్సింది నేను. రేపెవరైనా అడిగితే "ఆవిడే వెళ్లిపోయింది" అని చేతులు దులుపుకుంటారు. అబద్ధం వాళ్లదైతే సంతకం నాదెందుకు?

"నేను రాజీనామా చెయ్యనండి," అన్నాను. "మానెయ్యాలని నాకు లేదు. మీరు తీసెయ్యాలనుకుంటే తీసెయ్యండి. తీసేశామని మీరే రాయండి."

తెరమీద ఇద్దరూ కదల్లేదు. నెట్ ఆగిందేమో అనుకున్నాను. ఆగలేదు.

"కాస్త స్థిమితంగా ఆలోచించుకోండి," అని ఆవిడ కాల్ ముగించింది.

కిందికి దిగేసరికి మా అత్తగారు వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. నా మొహం చూసి ఏం జరిగిందన్నారు. చెప్పాను.

"పోనీ వాళ్లు చెప్పినట్టు రాసిచ్చెయ్యమ్మా," అన్నారు. "మానేసేనంటే గౌరవంగా ఉంటుంది. ఇల్లు చూసుకోడానికి మానేసిందని చెప్పుకుంటాం. తీసేసేరంటే నలుగురిలో ఏం బావుంటుంది చెప్పు?"

నేను నిలబడిపోయాను. ఏసీ గదిలో కూర్చున్న ఆ హెచ్.ఆర్. ఆవిడా, మా వరండాలో మా అత్తగారూ ఒకే మాట అన్నారు. ఇద్దరికీ నా పరువు మీదే బెంగ.

మా ఆయన కొబ్బరి దింపు చూసుకుని సాయంత్రం ఇంటికొచ్చారు. విని, చెప్పులు విప్పుతూనే తేల్చేశారు.

"ఎందుకొచ్చిన గొడవ? నీ జీతం లేకపోతే మనకి ఇల్లు గడవదా ఏంటి? రాసిచ్చేసి హాయిగా ఉండు."

ఆ 'హాయిగా' దగ్గర నాకు ఒళ్లు మండింది.

"తోటకి తెల్లదోమ పట్టిన యేడు మీ మావయ్యగారు ఏం చెప్పేరండీ? చెట్లు కొట్టించేసి చేపల చెరువు లీజుకిచ్చుకుని హాయిగా ఉండమన్నారు కదా. మీరెందుకు కొట్టించలేదు?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"ఎందుక్కాదు? మీది పనీ, నాది కాలక్షేపమూనా?"

ఆయన కాళ్లు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లిపోయారు. ఆ పూట మా ఇంట్లో కంచాల చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. ఎవరూ నన్ను తిట్టలేదు, కసరలేదు. అక్కడా ఇక్కడా అందరూ మెత్తగానే మాట్లాడుతున్నారు, మెత్తగానే నన్ను గుమ్మం వైపు నడిపిస్తున్నారు. నేను నడవనంటే నా మొండితనమే అందరికీ కనిపిస్తోంది.

మర్నాడు ప్రాజెక్టు ఫైళ్లు తెరుద్దామంటే నాకు దారులన్నీ మూసేశారు. టీమ్ గ్రూపులోంచి నా పేరు తీసేశారు. ఉద్యోగిగా ఉన్నాను, పని లేదు. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా లాగిన్‌లోనే కనిపించాలట. ఊరికే కూర్చోబెడితే నాకే విసుగొచ్చి పోతాననుకుని ఉంటారు. నేను రోజూ స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, టైముకి మేడెక్కేదాన్ని. "ఈరోజు పనికి సిద్ధంగా ఉన్నాను. నాకేమీ పని అప్పగించలేదు," అని మేనేజరుకి మెయిల్ పెట్టేదాన్ని. సాయంత్రం మళ్లీ అదే. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఖాళీ సమయంలో నా సబ్జెక్టులో కొత్తగా వచ్చినవన్నీ చదివాను. ఆ టూల్ ఎలా పనిచేస్తుందో, ఎక్కడ బోల్తా పడుతుందో కూడా నేర్చుకున్నాను. నన్ను తీసేయడానికి తెచ్చినదాని సంగతి నాకు తెలియకపోతే ఎలా?

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నాతోపాటు పనిచేసిన రాజోలు అబ్బాయి ఫోన్ చేశాడు. హైదరాబాదు ఆఫీసులోనే ఉండేవాడు, మంచి పనిమంతుడు. అతన్నీ అదే వారం గదిలోకి పిలిచారట. ఎదురుగా కూర్చోబెట్టి, అక్కడికక్కడే రాజీనామా టైప్ చేయించారట.

"మీరు చెయ్యనన్నారంట కదండీ," అన్నాడు. "ఎలా అనగలిగేరండీ? నాకు గొంతు పెగల్లేదు. ఆవిడ ఏదో చెప్తుంటే, వింటున్నానన్నట్టు ఆయ్, ఆయ్ అన్నానండి. మన గోదారోళ్లకి అలవాటే కదా. నేను ఒప్పేసుకున్నానని ఆవిడ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పేసిందండి."

చెబుతూ నవ్వాడు. మధ్యలో ఆ నవ్వు ఆగిపోయింది. అవతల అతను ముక్కు చీదుకోవడం వినిపించింది. ఊళ్లోవాళ్లకి ఏం చెప్పావని అడిగాను. "నేనే మానేసేనని చెప్పేనండి. బిజినెస్ పెడదామని," అన్నాడు. అతనికి ఏ బిజినెస్సూ లేదు.

ఆ ఫోన్ తర్వాత నాకు మిగిలిన కాస్త సంశయం కూడా పోయింది.

కొద్దిరోజులకి హైదరాబాదు నుంచి మెయిల్ వచ్చింది. ఇకనుంచి రోజూ ఆఫీసులోనే హాజరు కావాలి, ఎల్లుండి నుంచే. రాలేకపోతే నేనే ఉద్యోగం వదులుకున్నట్టు భావిస్తారట. కోనసీమలో కాపురం పెట్టుకున్న మనిషి ఎల్లుండికి ఎలా వస్తుందిలే అని వాళ్ల ధీమా. నేను బట్టలు సర్దుకోవడం చూసి అత్తగారు గుమ్మంలో నిలబడ్డారు.

"నిజంగా ఎల్తావా?"

"ఎళ్తానండి. రమ్మన్నారు కదా."

ఆవిడ లోపలికి వెళ్లారు. కాసేపటికి వేయించిన జీడిపప్పు డబ్బా ఒకటి తెచ్చి సంచిలో పెట్టారు. మా ఆయన బండిమీద రావులపాలెం దాకా దింపారు. బస్సు ఎక్కేముందు, "ఏదైనా ఇబ్బందైతే ఫోన్ చెయ్యి, వచ్చేస్తాను," అన్నారు. ఆ గొడవ మొదలయ్యాక నన్ను మానెయ్యమనకుండా ఆయన అన్న మొదటి మాట అదే.

ఆఫీసులో నా కార్డుకి తలుపు తెరుచుకోలేదు. రిసెప్షన్‌లో కూర్చున్నాను. రమ్మన్న మెయిల్ చూపిస్తే సెక్యూరిటీ ఆయనకీ ఏం చెయ్యాలో తెలియలేదు, నీళ్ల సీసా ఇచ్చి పక్కకి వెళ్లిపోయాడు. నాతో పనిచేసినవాళ్లు నా ముందునుంచే లిఫ్టుకి వెళుతూ ఫోన్లలోకి చూసుకున్నారు. నేను తల దించుకోలేదు. పేరుపేరునా పలకరించాను. కొందరు నవ్వారు, కొందరికి కాళ్లు తడబడ్డాయి.

మధ్యాహ్నానికి ఆ హెచ్.ఆర్. ఆవిడ అద్దాల గదిలోకి పిలిచింది. తెరమీదకంటే చిన్నదానిలా ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది, దాన్ని చిరునవ్వుతో కప్పుకుంది.

"మేడమ్, నిజం చెప్పండి. మీకు కొబ్బరితోటలున్నాయట, సొంత ఇల్లుందట. మీలాంటివాళ్లకి ఈ ఉద్యోగం అంత అవసరమా? అవసరం ఉన్నవాళ్లు ఇంకెందరో ఉన్నారు."

"అవసరం ఉన్నవాళ్లని ఉంచుతున్నారాండీ మీరు?" అన్నాను. "ఉంచితే చెప్పండి, ఇప్పుడే ఆలోచిస్తాను."

ఆవిడ చూపు బల్లమీది కాగితాల మీదకి మళ్లింది.

"తోట మా ఆయన పని. ఇది నా పని. నేను చదువుకున్నదీ, నేర్చుకున్నదీ ఇదే. నా పనిలో తప్పుంటే చూపించండి, ఒప్పుకుంటాను. లేదంటే మీకు నేను అక్కర్లేదని మీరే రాయండి. మీకు రాయడానికి మొహమాటమైన మాట నా చేత రాయించొద్దు."

ఆవిడ చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండి, "పైవాళ్లతో మాట్లాడతాను," అంది. వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "మీరు చెప్పింది నాకు అర్థమైంది," అంది. నిజంగా అర్థమైందో, నన్ను పంపించడానికి అందో నాకు తెలియదు.

నేను గెలిచానని చెప్పలేను. ఉద్యోగం పోయింది. కొన్ని వారాలు హాస్టల్లో ఉండి రోజూ ఆఫీసుకు వెళ్లాను, లోపలికి రానిచ్చాక ఖాళీ బల్ల దగ్గర కూర్చున్నాను. చివరికి ఆ స్థానం తమకు అవసరం లేదు కాబట్టి కంపెనీయే నన్ను తొలగిస్తోందని రాసిచ్చారు. నేనడిగింది అదే. ఆ కాగితం బ్యాగులో పెట్టుకుని ఊరొచ్చేశాను.

ఆ నెలలోనే అమలాపురంలో చుట్టాలింట గృహప్రవేశం. భోజనాల దగ్గర మా ఆయన పిన్నిగారు ఒకావిడ, చుట్టూ అందరూ వింటుండగా, "ఏమ్మా, ఉద్యోగం మానేసేవంట? మంచి పని చేసేవు," అన్నారు. నేను నోరు తెరిచేలోగా నా పక్కనున్న మా అత్తగారు విస్తట్లోంచి తలెత్తారు.

"మానలేదే చెల్లీ, తీసేసేరు. మానేసేనని రాయమని ఎంత చెప్పినా మా కోడలు రాయలేదు. ఆఫీసుకెళ్లి కూర్చుంది. వాళ్ల చేతే రాయించుకొచ్చింది," అన్నారు. అని, "ఆ పులిహోర ఇటు పంపండి," అన్నారు.

పిన్నిగారి మొహం చూడవలసిందే. నాకు ముద్ద దిగలేదు, నవ్వొచ్చి. మా అత్తగారి మనసు ఎప్పుడు మారిందో ఇప్పటికీ నాకు తెలియదు, అడిగితే "నేనెప్పుడు వద్దన్నాను?" అంటారు.

ఉద్యోగం వెతకడం అంత సరదాగా జరగలేదు. ప్రతి ఇంటర్వ్యూలోనూ పాత ఉద్యోగం ఎందుకు వదిలారని అడుగుతారు. అందరూ కొత్త అవకాశాల కోసమనో, ఇంటి పరిస్థితుల వల్లనో చెబుతారు. నేను "వదల్లేదండి, తీసేశారు," అనేదాన్ని. ఒకచోట ఆ మాటతోనే ఇంటర్వ్యూ చల్లబడిపోయింది. ఇంకోచోట, "కాస్త వేరేలా చెప్పుకోవచ్చు కదా," అని సలహా ఇచ్చి మరీ వద్దన్నారు. ఆ హెచ్.ఆర్. ఆవిడ బెదిరించింది పూర్తిగా అబద్ధమేం కాదని అప్పుడు తెలిసింది. రెండు మూడుసార్లు, వేరేలా చెప్పేస్తే పోలేదా అనిపించింది కూడా. కానీ నోటిదాకా వచ్చేసరికి ఆ వాక్యం బయటికి రాలేదు.

కాకినాడలో ఒక చిన్న కంపెనీ, బస్సు టిక్కెట్ల ప్రోగ్రాము చేసేది, నన్ను తీసుకుంది. వాళ్ల ఇంటర్వ్యూలో ఆ జవాబు విన్నాయన "ఓహో" అని, వెంటనే ఒక టిక్కెట్టు రద్దుచేసే పేజీ తెరిచి, "ఇందులో ఏం తప్పులున్నాయో చూడండి," అన్నాడు. చూశాను. చెబుతూ పోతుంటే ఆయనే చాలన్నాడు. జీతం తక్కువ, హోదా ఇంకా తక్కువ. అయినా చేరాను. వారంలో రెండ్రోజులు కాకినాడ బస్సెక్కుతాను, మిగతా రోజులు మేడమీద గది.

ఈమధ్యనే ఇక్కడా ఒక చిన్న యుద్ధం జరిగింది. క్లయింటుకి ఇచ్చే గడువు దగ్గరపడింది, వృద్ధుల రాయితీ లెక్క ఒకచోట తేడాగా వస్తోంది. "అది చిన్నదే, తర్వాత చూద్దాం, ఇప్పటికి పాస్ అనేయండి," అన్నాడు కొత్త మేనేజరు. పాస్ కాలేదండీ అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు, టీమంతా నా వైపు విసుగ్గా చూసింది. నేను తప్పు వివరం మళ్లీ ఒకసారి చదివి, ఎలా వస్తోందో చూపించి కూర్చున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి సరిచేశారు. గడువు ఒక పూట దాటింది. క్లయింటు ఫోన్లో అరిచాడట.

అరవనీ. నేను లాగిన్ అయి తర్వాతి పేజీ తెరిచాను.